వత్తుకు ఎర్రసుద్ద

మా ఊరి బడిలో రెండో తరగతి మాస్టారి చేతిలో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు ఉండేవి, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. నల్లబల్ల మీద ‘అమ్మ’ అని రాస్తే అక్షరాలు తెల్లగానూ, కింద మకారవత్తు మాత్రం ఎర్రగానూ ఉండేవి. తర్వాత కుక్క, బుట్ట, అప్ప. (మా శ్రీకాకుళం వైపు అప్ప అంటే అక్క.) ఎర్రగా కనబడిందల్లా వత్తు. వత్తంటే ఏమిటో ఆయన విడమరిచి చెప్పిన గుర్తు లేదు. వారం తిరిగేసరికి అందరికీ తెలిసిపోయింది, అంతే.

ముప్ఫై ఏళ్ల తర్వాత అదే పని కంప్యూటరు చేత చేయించబోయి నేను పడ్డ తిప్పలు చెబుతాను.

కన్యాశుల్కం నాటకాన్ని ఒక చిన్న వికీలో పెట్టి, ఏ మాట ఏ భాష నుంచి దిగిందో రంగుల్లో చూపాలనుకున్నాను. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర కథ మొదలవుతూనే గిరీశం నోట ఇంగ్లీషు దొర్లుతుంది. కరటకశాస్త్రికీ శిష్యుడికీ మధ్య సంస్కృతం నలుగుతుంది. అగ్రహారం ఆడవాళ్ల మాట వేరు, మధురవాణి మాట వేరు. గురజాడ ఈ నాటకాన్ని 1892లో ఆడించారు, 1897లో అచ్చువేశారు, 1909లో కొత్త నాటకమా అన్నంతగా తిరగరాశారు. ఇంగ్లీషు ముక్కలన్నిటికీ నీలం పూస్తే గిరీశం ఎవరి ముందు ఎంత ఇంగ్లీషు ఒలకబోస్తాడో చదవకముందే కంటికి ఆనుతుంది. పరిశోధకులు పుటలకొద్దీ రాసే విషయం గిరీశం శిష్యుడు వెంకటేశం వయసు పిల్లాడు కూడా ఒక్క చూపులో పట్టేస్తాడు.

అక్షరానికి రంగద్దడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు రాసేవాడికి తన రాత సరిగ్గా కనబడదు. గీత పడుతుంది, రంగు ఉండదు. రాయడం అయ్యాక ఆకంతా మసి పట్టించి, గుడ్డతో తుడిచేస్తారు. పైనున్న మసి పోతుంది, గీతలో దిగింది నిలుస్తుంది. అంటే రాత ఒక పని, రంగు ఇంకో పని. శాసనం నకలు తీసేవాళ్లది దీనికి సరిగ్గా తలకిందులు. తడికాగితం రాతికి అంటించి, గరుకు కుంచెతో కొట్టి, పైన సిరా అద్దుతారు. గుంటల్లోకి సిరా దిగదు గనక చుట్టూ నల్లబడి అక్షరం తెల్లగా మిగులుతుంది. వంశధార ఒడ్డున ముఖలింగంలోని శాసనాలను పట్టుబట్టి తనంతట తానే చదవడం నేర్చుకున్న గిడుగు రామమూర్తి ఇలాంటి నలుపు తెలుపుల మధ్యే కళ్లు అరగదీసుకుని ఉంటారు. తాటాకు వాడు అక్షరానికి రంగేశాడు, శాసనం వాడు నేలకు రంగేశాడు. ఈనాటి వికీలో రంగు గుర్తులు కూడా ఈ రెండే అడుగుతాయి, అక్షరం రంగు ఏమిటి, దాని వెనక నేల రంగు ఏమిటి అని.

ఎవరైనా దిద్దగలిగే పుట వికీ. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ మొదలుపెట్టిన ఆ ఆలోచన మీద తర్వాత బోలెడు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. నేను ఎంచుకున్నది 2004లో ఆండ్రియాస్ గోర్ తెచ్చిన డోకువికీ. దానికి డేటాబేసు అక్కర్లేదు, ఒక్కో పుట ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు. పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే లావు అక్షరాలవుతాయి, రెండేసి ఏటవాలు గీతలు పెడితే వాలు అక్షరాలవుతాయి. రంగుకు మాత్రం అందులో గుర్తే లేదు. కావాలంటే ప్లగిన్, అంటే అదనంగా అతికించే చిన్న ప్రోగ్రాము, తగిలించుకోవాలి.

ఆ లేకపోవడాన్ని నేను తప్పు పట్టను. పదిమంది దిద్దే పుటలో ఎవరికి తోచిన రంగు వాళ్లు వేస్తే అది పైడితల్లి జాతరలో గాజుల కొట్టులా తయారవుతుంది. వెబ్ పుటల్లో రంగు వేయడానికి వాడిన పాత ‘ఫాంట్’ ట్యాగును కూడా 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4 ‘ఇక వద్దు’ అని పక్కన పెట్టింది. రాత ఒక పని, రంగు ఇంకో పని అన్న తాటాకు పద్ధతే అక్కడా గెలిచింది.

ప్లగిన్ చేసే పని మూడు మెట్లు. మొదట పుటలో తన గుర్తు ఎక్కడుందో వెతకాలి. తర్వాత దొరికిన ముక్క మొదలా, లోపలి మాటా, ముగింపా తేల్చి రాసిపెట్టుకోవాలి. చివరకు దాన్ని బ్రౌజరుకు తెలిసిన భాషలో బయటికి పంపాలి. మధ్య మెట్టులో తేల్చిన జాబితాను డోకువికీ దాచుకుంటుంది. పుట మారకపోతే మళ్లీ మళ్లీ వెతకదు, ఆ జాబితా నుంచే కొత్తగా చూపిస్తుంది. అందుకే మధ్య మెట్టులో రంగు పేరు మాత్రమే తేల్చుకుని, తెరకా కాగితానికా అన్న సంగతి చివరి మెట్టుకు వదిలేయాలి. ఇది తెలియక మొదటిసారి మొత్తం ఒకేచోట కుక్కి, రంగు మార్చినా పాతదే కనబడుతోందేమిటా అని ఒక సాయంత్రమంతా తల గోక్కున్నాను.

అసలు పనితనం మొదటి మెట్టులోనే ఉంది. నా గుర్తు <వన్నె ఇంగ్లీషు> అని మొదలై </వన్నె> అని ముగుస్తుంది. మొదలు గుర్తు కనబడగానే రంగులోకి దూకేయకూడదు. ముందుకు తొంగిచూసి, ఎక్కడో ఒకచోట ముగింపు ఉందని రూఢి చేసుకున్నాకే దూకాలి. లేకపోతే ఒక్కడు ముగింపు మరిచిపోయిన పాపానికి పుట అడుగుదాకా నీలం కారిపోతుంది. ఈ తొంగిచూపును, ఏం వెతకాలో చెప్పే నమూనాలోనే రాస్తారు. చూస్తే ఒక్క వరుస. రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ తెలుగు వల్లే పట్టాయి. ‘శ్రీకాకుళం’ అనే మాటనే తీసుకోండి. మనకు నాలుగక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్లో ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఒక్కో అంకె ఇచ్చే యూనికోడ్‌కు పది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. వాటిని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడేసి బైట్లు, మొత్తం 30. విజయనగరం కాస్త నయం, మనకు ఆరు, యూనికోడ్‌కు ఎనిమిది, బైట్లు 24. వెతికే నమూనా బైట్ల లెక్కన నడిస్తే ‘ఏదో ఒక అక్షరం’ అని మనం అన్నప్పుడు అది అక్షరంలో మూడో వంతు కొరుకుతుంది. తెర మీద వజ్రాకారంలో ప్రశ్నార్థకాలు మొలిచాయంటే ఎక్కడో అలా కొరుకుడు పడిందన్నమాటే. ఇంగ్లీషులో రాసిన నమూనా ప్లగిన్లకు ఈ బాధ కనబడదు. వాళ్లకు అక్షరమూ బైటూ ఒకటే.

ఇక వత్తు. నా చిన్నప్పటి ఎర్రసుద్ద నాకు గుర్తుంది గనక మొదట ప్రయత్నించింది అదే. ‘అమ్మ’లో వత్తుకు మాత్రం ఎరుపు వేద్దామంటే, యూనికోడ్‌లో వత్తుకు సొంత స్థానమే లేదు. పొల్లు పక్కన ఇంకో మకారం ఉంటుంది, ఆ రెంటినీ కలిపి కింద వత్తుగా గీసేది ఫాంటు. మధ్యలో రంగు గుర్తు దూర్చితే కొన్నిచోట్ల ‘అమ్‌మ’ అని విడిపోతుంది. గుణింతం గుర్తును విడదీస్తే దాని పక్కన చుక్కల వలయం ఒకటి వచ్చి కూర్చుంటుంది, నా అక్షరం ఏది అని అడుగుతున్నట్టు. ‘కి’ లాంటివైతే చాలా ఫాంట్లలో ఒకే బొమ్మ, సగానికి రంగెలా వేస్తాం? యూనికోడ్ వాళ్ల ప్రామాణిక నియమాలు కూడా చాలాకాలం ‘శ్రీ’ని శ్ ఒకటి, రీ ఒకటి అని రెండు తునకలుగానే లెక్కపెట్టేవి. తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే తునకగా పట్టుకునే నియమం 2023 సెప్టెంబరులో, 15.1 కూర్పులో వచ్చింది. తెలుగు యూనికోడ్‌లో ఉన్నది 1991 నుంచి! పావలా ఖరీదు చేయని సుద్దముక్క సునాయాసంగా చేసిన పని దగ్గర నేను ఓడిపోయాను. నా ప్లగిన్ నిండు అక్షరాలకే రంగు వేస్తుంది.

రంగు పేరు విషయంలో మాత్రం ఓడిపోలేదు. గుర్తులో ‘నీలం’ అని రాయనివ్వకూడదని మొదట్లోనే నిర్ణయించుకున్నాను. ‘ఇంగ్లీషు’, ‘సంస్కృతం’, ‘యాస’ అని రాయాలి. ఏది ఏ రంగో ఒక్కచోట ఉంటుంది. ఈ నిర్బంధం వల్ల మూడు లాభాలు. రేపు నీలం నచ్చకపోతే ఒక్క వరుస మారిస్తే చాలు, నాటకమంతా వెతికి దిద్దక్కర్లేదు. రెండోది భద్రత. రంగు పేరు వచ్చేచోట ఎవడో కొంటెగాడు ఇంకేదో ఆజ్ఞ రాసి పుటను పాడుచేయగలడు. తెలిసిన పేర్లను మాత్రమే రానిచ్చి మిగతావన్నీ తోసేస్తే ఆ తలుపు మూతపడుతుంది. మూడోదే నాకు ముఖ్యం. రంగు వేసేవాడు ఎందుకు వేస్తున్నాడో చెప్పి తీరాలి. ‘బేగి’ (త్వరగా) యాసా, లేక అందరి మాటా అని ఆగి ఆలోచించాలి. అలా ఆలోచించినందుకే యాస అనుకుని వేసిన గుర్తులు సగం తీసేశాను.

వికీసోర్స్‌లో ఈ క్రమశిక్షణ చక్కగా కనిపిస్తుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాన్ని అక్కడ పుటపుటా పోల్చి దిద్దుతారు. ఇంకా దిద్దనిదానికి ఎరుపు ఛాయ, ఒకరు దిద్దినదానికి పసుపు, రెండోవారు సరిచూసినదానికి ఆకుపచ్చ. రంగును ఎవరూ చేత్తో పూయరు, స్థితి మార్చితే రంగు దానంతట అదే మారుతుంది. సూచిక పుట తెరిస్తే ఇంకెంత పని మిగిలిందో వరికోతకు ముందు పొలం చూసినట్టే తెలుస్తుంది.

ఏ రంగు అన్నదానికీ ఒక లెక్కుంది. తెల్లనేల మీద నల్లక్షరం తేడా 21:1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. మనకెంతో ఇష్టమైన నికార్సయిన ఎరుపు తెల్లనేల మీద 4 దగ్గరే ఆగిపోతుంది, కాస్త ముదురు ఎరుపు కావాలి. పసుపైతే 1కి కొంచెం పైన, అంటే గుమ్మానికి రాసుకోవాలే గాని అక్షరానికి పనికిరాదు. పైగా ఎరుపూ ఆకుపచ్చా విడిగా కనబడని కళ్లుంటాయి. అందుకని రంగుతోబాటు గీత కూడా పెట్టాను. ఇంగ్లీషు కింద నిండుగీత, సంస్కృతం కింద చుక్కలగీత.

ఆ గీతలే నన్ను కాపాడాయనుకున్నాను. విజయనగరంలో మాకు తెలిసిన తెలుగు మాస్టారొకరు ఉన్నారు, రిటైరయ్యారు. తెర మీద చదవలేనన్నారు. జెరాక్స్ షాపులో నలుపు తెలుపుల్లో తీయించి మొదటి అంకం పట్టుకెళ్లి ఇచ్చాను. రంగులు పోయాయి, గీతలు మిగిలాయి. ఆయన వాలుకుర్చీలో కూర్చుని నాలుగు కాగితాలు తిప్పి అయిదో దాని దగ్గర ఆగారు.

“ఏటి బాబూ, ఇక్కణ్ణుంచి ఈ కిందిదాకా గిరీశం ఒక్క తెలుగు ముక్కా మాటాడలేదేటి?”

వంగి చూశాను. పది వరుసల కింద నిండుగీత పరుచుకుని ఉంది.

“మద్దిలో ఈ కొక్కేలేటి మరి?”

రెండో మొదలు గుర్తు, కొక్కేలతో సహా, మాటల మధ్య అచ్చయిపోయి ఉంది. మొదటిదానికి నేను ముగింపు పెట్టడం మరిచిపోయాను. నా ప్లగిన్ ముందుకు తొంగిచూసింది, కింద ఎవరిదో ముగింపు కనబడింది, అదే తనదనుకుని దూకేసింది. ఒకసారి లోపలికి వెళ్లాక రెండో మొదలు దానికి ఉత్త అక్షరాలు. నేనిదంతా వివరించబోతుంటే మాస్టారు జేబులోంచి ఎర్రపెన్సిలు తీసి, మూడో వరుసలో ఇంగ్లీషు మాట అయిపోయిన చోట, సరిగ్గా అక్కడే, ఒక చిన్న నిలువుగీత గీశారు.