వ్యోమయాత్రా నవలలు: పెట్టెలోని మనుష్యులు

విజ్ఞానశాస్త్రం ముందుకు సాగినకొద్దీ దానిని ఆశ్రయించిన కథలు వెనుకబడిపోవలెను. వ్యోమయాత్రా నవలల విషయంలో అట్లు జరగలేదు. జూల్ వెర్న్ 1865లో వెలువడిన నవలలో ముగ్గురు మనుష్యులను ఫిరంగిగుండులో కూర్చుండబెట్టి చంద్రుని వైపు పేల్చినాడు. ఆ అదటుకు లోనివారు బ్రతుకరని నేడు పాఠశాల విద్యార్థి కూడ చెప్పగలడు. 1969లో మానవుడు నిజంగానే చంద్రునిపై అడుగిడినాడు. అయినను ఆ నవలను చదువుతూనే ఉన్నాము.

ఎందువలన? ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఉన్నవారికి సమాధానం త్వరగా తడుతుందని నా నమ్మకం. వెర్న్ రైలుయుగపు రచయిత. చంద్రునికి గుండ్ల రైళ్లు నడిచే రోజు వస్తుందని ఆయన పాత్ర ఒకడు సభలో ప్రకటిస్తాడు కూడ. ఆ గుండు నిజానికి మొదటి తరగతి రైలుపెట్టె: మెత్తలు పరచిన గోడలు, కిటికీలు, తినుబండారాలు, కుక్కలు, కోళ్లు, తెగని వాదాలు. మొన్నటివరకు బద్ధశత్రువులైన బార్బికేన్, నికోల్ అందులో ఒకరి ప్రక్క నొకరు కూర్చుండవలసినదే. ఆ ఇరుకే కథకు ప్రాణం. 1901లో వెల్స్ వ్రాసిన చంద్రయాత్ర ఇంతకంటె గొప్ప నవల. కాని అందులోని ఇద్దరు ప్రయాణికులలో ఒకడు అప్పులపాలై లాభంకొరకు బయలుదేరినవాడు. ముగించేసరికి మనస్సు చల్లబడిపోతుంది.

సత్యజిత్ రాయ్ 1961లో 'సందేశ్' పత్రికలో ప్రచురించిన ప్రొఫెసర్ శంకు తొలికథ నవల కాదు, పెద్ద కథ మాత్రమే. అయినను ఈ కోవలో దానిని మించినది మన భాషలలో నేను చదువలేదు. గిరిడీ నివాసి అయిన ఆ శాస్త్రజ్ఞుడు అంగారకునికి పోతూ వెంట ఎవరిని తీసికొనిపోయినాడు? నౌకరు ప్రహ్లాదుని, న్యూటన్ అనే పిల్లిని, తాను నిర్మించిన విధుశేఖరుడనే యంత్రపురుషుని. అక్కడ ఎర్రని నది ప్రవహిస్తూ ఉంటుంది. 1965లో మారినర్ 4 పంపిన చిత్రాలలో నది లేదు, గుంటలున్నవి. కథకు వచ్చిన లోటేమి? మనము నమ్మినది నదిని కాదు, ప్రహ్లాదుని.

అనువాదకుడు చెడగొట్టేదీ ఇక్కడనే. రాకెట్టును వ్యోమనౌక అన్నా, రాకెట్టే అన్నా నష్టం లేదు. ప్రహ్లాదుని నోట గ్రంథభాష పలికిస్తే మాత్రం పెట్టె ఖాళీ అవుతుంది. హిందీ నుండి కథలు తెచ్చేటప్పుడు నేనును ఈ తప్పు చేసినవాడనే. రైల్వే పనికై వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలలో శంకును బెంగాలీలో చదువగలిగి, తెలుగులో చదువలేనివారున్నారు. వారి తాతలకు ఆ కథ తెలుగులో వినిపించవలెనంటే ప్రహ్లాదుడు ఏ తెలుగు మాట్లాడవలెను? ఆ తాతలు ఇక్కడికి వస్తూ రైలులో మాట్లాడుకొన్న తెలుగే, బోగీ, టికెట్టు అనే మాటలతో సహా.