మోగాలి, చోటివ్వాలి

స్పెయిన్ దక్షిణాన, ఆండలూసియాలో పాట, ఆట, చప్పట్లు, మడమల తాళం కలిసి పెరిగిన కళ ఫ్లమెంకో. అందులో గిటారు మొదట పక్కవాద్యం. గాయకుడి గొంతుకు అడ్డుపడకూడదు, నర్తకి పాదాల మోతలో మునిగిపోకూడదు. అందుకే దాని స్వరం చురుగ్గా పుట్టి, పొడిగా పలికి, తరవాతి స్వరానికి చోటిచ్చి తప్పుకోవాలి. ఈ గిటారును పనిగట్టుకుని చేయించుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఇదే.

ఆ గుణానికి కర్రే మూలం. బొబ్బిలి వీణకు పనస ఎలాగో, సంప్రదాయ ఫ్లమెంకో గిటారుకు సైప్రస్ అలాగ. వెనక పలక, పక్కలు తేలికైన సైప్రస్‌తో చేసినది బ్లాంకా. రోజ్‌వుడ్‌తో చేసినది నెగ్రా. దానిలో మంద్రం నిండుగా ఉంటుంది, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. పాకో దె లుసియా వంటివారి చేతుల్లో గిటారు కచేరీ వాద్యంగా ఎదిగాక నెగ్రాకు ఆదరణ పెరిగింది. కానీ నిలిచే నాదం ఎక్కువైతే, వేళ్లు విసిరి వాయించే రస్గెయాదోలో స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ముందు పలకది ఇంకా సున్నితమైన లెక్క. స్ప్రూస్ అయితే పలుకు తేటగా, సూటిగా ఉంటుంది. సెడార్ అయితే మెత్తన. పలక లోపల విసనకర్ర పుల్లల్లా సన్నని బద్దలు అతికిస్తారు. 19వ శతాబ్దంలో అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె టోరెస్ ఈ అమరికకు స్థిరమైన రూపమిచ్చాడు. పలకను మరీ పలచన చేస్తే మంద్రం ఉప్పొంగుతుంది, పైస్వరాలు బక్కచిక్కుతాయి. మందంగా వదిలితే గిటారు నోరు విప్పదు.

తీగల ఎత్తు మరో తూకం. బ్రిడ్జి దగ్గర క్లాసికల్ గిటారులో తీగలు పలకకు సుమారు 10, 11 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, ఇక్కడ 8 దగ్గరే ఉంటాయి. వాయిస్తూనే వేలితో పలక మీద దరువు వేయడానికి ఆ దగ్గరితనం కావాలి. పలక దెబ్బతినకుండా గోల్పెయదోర్ అనే పలచని రేకు అతికిస్తారు. మెట్ల మీద కూడా తీగలు కిందికి ఉంటే గట్టిగా మీటినప్పుడు కొంచెం జీర వస్తుంది. ఫ్లమెంకోకు ఆ జీర అందమే. హద్దు దాటితే మాత్రం స్వరాన్నే మింగేస్తుంది.

చేయించుకునేవారు ఒక తేడా తెలుసుకోవాలి. తీగలు మార్చుకోవచ్చు, బ్రిడ్జి మీది ఎముక ముక్కను అరగదీయవచ్చు, కొత్తది పెట్టించుకోవచ్చు. కర్రనూ, చెక్కేసిన పలకనూ వెనక్కి తిప్పలేం. కాబట్టి గిటారు చేసే ఆయనతో మాట్లాడుకునేటప్పుడు ఎక్కువ సమయం వీటికే ఇవ్వాలి. అన్ని గుణాలూ నిండుగా కావాలని అడగకండి. పాటకు వాయిస్తారా, ఆటకా, ఒంటరిగానా, మీ మీటు ఎంత బరువు, మీకు నచ్చిన గిటారులో ఏం నచ్చిందో చెప్పండి. వీలైతే ఆయన ఎదుట వాయించి చూపండి. ఆ తరవాత పలక మందం నిర్ణయాన్ని ఆయన వేళ్లకే వదిలేయండి. ఏది వదులుకోగలరో తేల్చుకున్నవారికే, తమ చేతికి తగిన గిటారు దక్కుతుంది.