రాత్రి రైలు, పొద్దుటి పడవ

బ్యాంకాక్ వెళ్లే తెలుగువారి దారి ఎప్పుడో అరిగిపోయింది. శంషాబాద్‌లో రాత్రి విమానం, తెల్లారేసరికి సువర్ణభూమి, అక్కడి నుంచి ఏసీ బస్సులో పట్టాయా, కోరల్ ఐలాండ్‌లో ఒక పూట, ఇండియన్ బఫేలో పప్పూ అప్పడమూ, చివరి రోజు ప్రతూనామ్‌లో బట్టల బేరాలు. అదే బ్యాంకాక్ నుంచి రోజూ సాయంత్రం కొన్ని స్లీపర్ రైళ్లు దక్షిణానికి బయల్దేరతాయి. సరైనది చూసుకుని ఎక్కి పడుకుంటే పొద్దున్నే బస్సు, ఆ వెంటనే పడవ. మధ్యాహ్నం భోజనాల వేళకు కో సముయిలోనో, కో ఫంగాన్‌లోనో, కో టావ్‌లోనో ఇసుక మీద ఉండొచ్చు. ఐరోపా చలికి తట్టుకోలేక వచ్చే కుర్రకారు 1970ల నుంచి ఈ దీవులకు వస్తూనే ఉన్నారు. ఆ బోగీల్లో తెలుగు మాట వినబడటం మాత్రం అరుదు.

సముయికి విమానం లేక కాదు. అక్కడి విమానాశ్రయాన్ని బ్యాంకాక్ ఎయిర్‌వేస్ సంస్థే కట్టుకుని 1989లో తెరిచింది. పోటీ పెద్దగా లేదు కాబట్టి టికెట్ ధర ఎప్పుడూ ఆకాశంలోనే. రైలు, బస్సు, పడవ మూడూ కలిపినా చాలాసార్లు అందులో సగం కాదు. పైగా ఒక రాత్రి హోటల్ గది అద్దె మిగులుతుంది. అయినా ఈ శీర్షిక రాసేవాడికి ఆ దారంటే ఉన్న మక్కువకు డబ్బొక్కటే కారణం కాదు. ఈ ప్రయాణంలో ఒక పనితనం ఉంది. రైలెక్కడం ఎవరికైనా వచ్చు, పడవెక్కడమూ వచ్చు. ఆ రెంటినీ ఒకదానికొకటి అతికించడం, దానికి తగిన నెల చూసుకోవడం మాత్రం కాస్త నేర్చుకోవాల్సిన విద్య.

మనకిది కొత్తేమీ కాదు. 1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసులో బోట్ మెయిల్ ఎక్కినవాళ్లు ధనుష్కోటిలో దిగి, స్టీమర్లో తలైమన్నార్ చేరి, అక్కడ కాచుకుని ఉన్న రైల్లో కొలంబో వెళ్లేవారు. 1964 డిసెంబర్ తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టడంతో ఆ ప్రయాణం ముగిసింది. థాయ్‌లాండ్‌లో అలాంటి ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది.

ముందుగా స్టేషన్ సంగతి. పాత గైడు పుస్తకాలన్నీ హువా లంఫాంగ్ అని రాస్తాయి. 1916 నాటి ఆ గుండ్రటి కప్పు స్టేషన్ ఇంకా ఉంది, కొన్ని మామూలు బండ్లు అక్కడి నుంచే నడుస్తున్నాయి. కానీ 2023 జనవరి 19 నుంచి దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లన్నీ నగరానికి ఉత్తరాన ఉన్న క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్‌కు మారాయి. మెట్రో బ్లూ లైన్లో బాంగ్ సూ దగ్గర దిగితే దాని కిందే తేలతారు. టాక్సీ ఎక్కేవాళ్లు పేరు స్పష్టంగా చెప్పకపోతే పాత స్టేషన్‌కే తీసుకుపోయే ప్రమాదం ఉంది.

తర్వాత రైలు ఎంపిక. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. సాయంత్రం అయిదు ప్రాంతంలో బయల్దేరే హాట్ యాయ్ స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌కు 2016లో చైనా నుంచి వచ్చిన కొత్త బోగీలున్నాయి. మెత్తటి బెర్తులు, శుభ్రమైన టాయిలెట్లు. ఫొటోలు చూసి దాన్నే బుక్ చేసేస్తారు. తీరా దీవులకు దిగాల్సిన సూరత్ థానీలో అది దించేది అర్ధరాత్రి దాటాక. అప్పుడు పడవా ఉండదు, టీ కొట్టూ ఉండదు, ప్లాట్‌ఫారం బెంచీ, దోమలు, ఒక కుక్క ఉంటాయి. దానికంటే రాత్రి భోజనాల వేళకు బయల్దేరి నఖోన్ సి థమ్మరాత్ వెళ్లే పాత బోగీల ఎక్స్‌ప్రెస్ మేలు. అది తెల్లవారుజామున దించుతుంది, బస్సులు కూడా ఆ వేళకే వస్తాయి. బండి బయల్దేరే వేళ చూసి ఎక్కేది ఊరికి వెళ్లేవాడు. దీవికి వెళ్లేవాడు చేరే వేళ చూడాలి.

రెండో తరగతి స్లీపర్ బోగీలోకి అడుగుపెట్టగానే మనవాళ్లకు ఒక ఆశ్చర్యం. అందులో ఉన్నవన్నీ సైడ్ బెర్తులే! మన బండ్లలో దారికి ఒక పక్కన ఉండే సైడ్ లోయర్, సైడ్ అప్పర్ అక్కడ రెండు పక్కలా బోగీ పొడవునా ఉంటాయి. నిలువునా మూడేసి బెర్తుల గొడవ లేదు. మధ్య బెర్తు ఎప్పుడు దించాలన్న తగువుకు అవకాశమే లేదు. పట్టాలు మాత్రం ఒకప్పటి మన గుంటూరు–గుంతకల్లు లైనులా మీటర్ గేజ్. అందుకే బోగీ కాస్త ఇరుకు, ఊపు కాస్త ఎక్కువ.

పక్క వేసే తంతు చూసి తీరాలి. బండి కదిలిన కాసేపటికి అటెండెంట్ వస్తాడు. ఎదురెదురుగా ఉన్న రెండు సీట్లనూ ముందుకు లాగి మధ్యలో కలుపుతాడు, అది కింది బెర్తు. గోడకు అతుక్కుని ఉన్న పై బెర్తు గొళ్లెం తిప్పి కిందికి దించుతాడు. దాని లోపలి నుంచి పరుపు తీసి పరుస్తాడు. తెల్ల దుప్పటి అంచులు పరుపు కిందికి దోపి, దిండుకు గలీబు తొడిగి, ప్లాస్టిక్ సంచిలో మూసి ఉన్న కప్పుకునే దుప్పటిని తలాపున పెట్టి, చివరగా పరదా కొక్కేలకు తగిలిస్తాడు. ఒక్కో బెర్తుకు రెండు మూడు నిమిషాలు పట్టదు. ఒక్క ముడత ఉండదు. పక్క పరిచాక ఇక కూర్చోవడం కుదరదు కాబట్టి తొమ్మిదయ్యేసరికి బోగీ అంతా పరదాలు దించుకుని పడుకుంటుంది.

కింది బెర్తు వెడల్పు, కిటికీ దానికే. పై బెర్తు ఇరుకు, ఏసీ గాలి సూటిగా దాని మీదికే, రాత్రంతా వెలిగే లైటు కూడా దానికే దగ్గర. ఆ తేడాకు తగ్గట్టు ధరలోనూ కాస్త తేడా ఉంటుంది. ఆ కాస్త ఎక్కువ పెట్టడమే మంచిది. స్వెట్టరు కూడా కావాలి. ఉష్ణమండలానికి వెళ్తూ స్వెట్టరేమిటని నవ్వేవాళ్లు రాత్రి రెండు గంటలకు తువ్వాలు కప్పుకుంటారు. శాకాహారులు పులిహోర పొట్లం కట్టుకోవడం ఉత్తమం. అక్కడ కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడటం మామూలే. మద్యం సంగతి అడిగేవారికి: 2014లో రైళ్లలో నిషేధించారు.

సూరత్ థానీ స్టేషన్ సూరత్ థానీలో లేదు. నగరానికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల అవతల, ఫున్‌ఫిన్ అనే చిన్న ఊళ్లో ఉంది. బ్యాంకాక్ నుంచి అక్కడికి సుమారు 650 కిలోమీటర్లు. పడవలెక్కే డోన్ సాక్ రేవుకు అక్కడి నుంచి బస్సులో మరో గంటన్నర. టికెట్లు విడివిడిగా కొంటే ఈ ముక్కలన్నీ ప్రయాణికుడే అతుక్కోవాలి. పడవ కంపెనీలు బస్సూ పడవా కలిపి జాయింట్ టికెట్ అమ్ముతాయి, దాన్ని పట్టుకుంటే తలనొప్పి తగ్గుతుంది. టికెట్ చూపగానే చొక్కాకు ఒక రంగు స్టిక్కర్ అంటిస్తారు. సముయికి ఒక రంగు, ఫంగాన్‌కు ఒకటి, టావ్‌కు ఇంకొకటి. ఇక ఇంగ్లిష్‌తో పనిలేదు, థాయ్‌తో అసలే లేదు. రేవులో మనిషి ముఖం చూడకుండా స్టిక్కర్ చూసి వరుసలో నిలబెడతారు, సంచీలను కూడా దీవుల వారీగా డెక్కు మీద గుట్టలు పోస్తారు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆ ఉదయం ఒక స్టిక్కర్‌గా మారిపోయి నిశ్చింతగా ఉంటారు.

కో టావ్ ఒక్కదానికే వెళ్లేవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. దాదాపు 480 కిలోమీటర్ల దగ్గర చుంఫోన్‌లో తెల్లవారకముందే దిగిపోతే, అక్కడి రేవు నుంచి కాటమరాన్ రెండు గంటల లోపే చేరుస్తుంది. ఇప్పుడు డైవింగ్ బడులతో నిండిన ఆ చిన్న దీవి 1933 నుంచి 1947 దాకా రాజకీయ ఖైదీల జైలు.

అసలు కథ వాతావరణంలో ఉంది. డిసెంబర్ అంటే థాయ్‌లాండ్‌కు మంచి సీజన్ అని ప్రతి ఏజెంటూ చెబుతాడు. బ్యాంకాక్‌కు నిజం, ఫుకెట్‌కు నిజం. సముయికి మాత్రం కాదు. ఫుకెట్ ద్వీపకల్పానికి పడమట, అండమాన్ సముద్రంలో ఉంది. నైరుతి రుతుపవనాలు పోగానే అక్కడ ఆకాశం తేటపడుతుంది. సముయి తూర్పున, గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉంది. దాని పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అన్నిటికంటే ఎక్కువగా తడిపేది నవంబర్. నెల్లూరు మనిషికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. మిగతా ఆంధ్ర దుప్పట్లు తీసే వేళకు తన ఊళ్లో గొడుగులు తీస్తారని అతనికి పుట్టుకతో తెలుసు.

ఆ చుట్టరికం మాటవరసకు చెప్పింది కాదు. 1989 నవంబర్ మొదట్లో గల్ఫ్‌లో గే అనే తుపాను పుట్టింది. 3వ తేదీన సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ నౌకను ముంచేసింది, అందులో 91 మంది చనిపోయారు. మర్నాడు చుంఫోన్ దగ్గర తీరం దాటి ఊళ్లకు ఊళ్లను పడగొట్టింది. మామూలుగా తుపాను అక్కడితో చల్లబడాలి. ఇది ఆ సన్నటి నేలపట్టీని దాటి బంగాళాఖాతంలో పడి, మళ్లీ బలం పుంజుకుని, నవంబర్ 8–9 తేదీల్లో కావలి దగ్గర ఒడ్డెక్కింది. నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కావలి తుపాను అదే. మన రాత్రి రైలు ఆగే చుంఫోన్ మీదుగా వచ్చిన గాలే అది. 2019లో పాబుక్ తుపాను మరీ ఆలస్యంగా, జనవరి 4న నఖోన్ సి థమ్మరాత్ జిల్లాలో తీరం దాటింది. సముయి పడవలు ఆగిపోయాయి, విమానాలు రద్దయ్యాయి. ఇంకా దక్షిణాన ఉన్న హాట్ యాయ్ నగరం 2025 నవంబర్ చివర్లో నీట మునిగింది. అందుకే ఈ దారికి సరైన కాలం జనవరి రెండో వారం తర్వాత మొదలై మార్చి దాకా సాగుతుంది. సంక్రాంతి సెలవులు సరిగ్గా అక్కడే పడటం మన అదృష్టం.

ఇంకొక లెక్క ఉంది, దానికి పంచాంగం చాలు. కో ఫంగాన్‌లోని హాద్ రిన్ బీచ్‌లో ప్రతి పౌర్ణమికీ ఫుల్ మూన్ పార్టీ జరుగుతుంది. ఆ తేదీకి అటూ ఇటూ రెండు మూడు రోజులు బెర్తులు దొరకవు, పడవలు కిటకిటలాడతాయి, గదుల అద్దెలు పెరుగుతాయి. బౌద్ధుల పండుగ ఆ రోజే వస్తే, ముఖ్యంగా ఫిబ్రవరి–మార్చిలో వచ్చే మాఖ బుచ్చాకు, పార్టీని ఒక రోజు అటో ఇటో మారుస్తారు. కుర్రాళ్లకు అది పండుగే. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ వారాన్ని వదిలేయడం మేలు.

పడవలో ఒక జాగ్రత్త. గాలి బాగుంటుందని అందరూ పై డెక్కుకు పరిగెడతారు. ఈశాన్యపు గాలికి అల రేగిన రోజున తల తిరిగేదీ అక్కడే. కింది అంతస్తులో, మధ్యకు, కాస్త వెనక్కి కూర్చుంటే ఊపు తక్కువ తెలుస్తుంది. వేగంగా పోయే కాటమరాన్ ఎక్కువ ఎగిరి పడుతుంది. వాహనాలను మోసే పెద్ద ఫెర్రీకి డోన్ సాక్ నుంచి సముయికి గంటన్నర పడుతుంది గానీ, బరువుకు నిదానంగా పోతుంది. వాంతుల భయం ఉన్నవాళ్లు దాన్నే ఎంచుకోవచ్చు. రాత్రంతా నడిచే పడవలు కూడా ఉన్నాయి, వాటిలో పరుపుల మీద వరుసగా పడుకుంటారు. 2024 ఏప్రిల్‌లో అలాంటి ఒక పడవ కో టావ్‌కు చేరబోతూ మంటల్లో చిక్కుకుంది. లోపలున్న నూరు మందికి పైగా అందరూ బతికి బయటపడ్డారు. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూసుకోవడం చాదస్తం కాదు.

సముయి దీవి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొబ్బరి తోటలు కోనసీమను తలపిస్తాయి. వాటి సందుల్లో రిసార్టులు. హోటళ్ల ఖరీదు ఏ స్థాయికైనా పోగలదు, ది వైట్ లోటస్ సీరియల్ మూడో సీజన్‌లో కొంత ఇక్కడ తీశాక ఇంకా పోయింది. ఒక రోజు పడవలో ఆంగ్ థాంగ్ జాతీయ పార్కుకు వెళ్లి ఆ నలభై రెండు దీవుల గుంపు చూసి రావాలి. మిగతా రోజుల్లో ఏమీ చేయకపోయినా నష్టం లేదు.

తిరుగు ప్రయాణానికీ ఇవే నియమాలు, ఒక్క తేడాతో. దీవికి వెళ్లేటప్పుడు ఆలస్యమైతే పోయేది ఒక పూట సెలవు, తిరిగి వచ్చేటప్పుడు ఆలస్యమైతే పోయేది విమానం. కాబట్టి సంక్రాంతికి బయల్దేరదలచినవాళ్లు ముందు పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి, తర్వాత కింది బెర్తు బుక్ చేసుకోండి, సాయంత్రం రైలుకు సరిపోతుందనుకున్న పడవకు ముందు పడవే ఎక్కండి, హైదరాబాద్ విమానానికి ముందు ఒక రాత్రి బ్యాంకాక్‌లో ఖాళీగా ఉంచుకోండి.