కొండ అంచున రెండు అంతస్తుల దారి

ఘాట్ రోడ్డును వెడల్పు చేయడమంటే మనం ఎక్కువగా చూసే పద్ధతి ఒకటుంది. కొండవైపు పొక్లెయిన్లు పెట్టి తవ్వుతారు. రాయి అడ్డం వస్తే మందు పెట్టి పేలుస్తారు. వచ్చిన మట్టినీ రాళ్లనీ లోయలోకి తోసేస్తారు. రెండు వరుసలు నాలుగవుతాయి. ఆపైన వానాకాలం వచ్చిందంటే చాలు, ఫలానా మలుపు దగ్గర కొండచరియలు విరిగిపడ్డాయన్న వార్త వస్తుంది. ఇలా కాకుండా చేయవచ్చా, చేస్తే ఎంత ఓర్పు, ఎంత చేతిపని కావాలి అని అడిగేవాళ్లకు నేను చూపించే రోడ్డు ఒకటుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ అనే చిన్న కొండ ఊరికి తూర్పున ఉన్న లోయలో, 1992లో పూర్తయిన నాలుగు వరుసల రహదారి అది.

ఊరి జనాభా సుమారు పదివేలు. వేడినీటి ఊటలకు పేరుపడ్డ చోటు. ఊరి గుమ్మంలో మొదలయ్యే గ్లెన్‌వుడ్ కాన్యన్ పొడవు సుమారు 20 కిలోమీటర్లు. కొలరాడో నది కోసుకుంటూ పోయిన ఇరుకు లోయ. కొన్నిచోట్ల నీటి అంచునుంచే కొండ నిలువుగా లేస్తుంది, ఆ గోడలు 400 మీటర్ల దాకా ఉంటాయి. 1887లో రైలు వచ్చి నది దక్షిణపు ఒడ్డును తీసుకుంది. 1902లో ఉత్తరపు ఒడ్డున బండ్లబాట పడింది, 1930లలో అది రెండు వరుసల తారురోడ్డు అయింది. లోయ నడుమ షోషోనీ జలవిద్యుత్ కేంద్రం వెలిసింది. డెన్వర్‌కు పడమరగా ఇంటర్‌స్టేట్ 70 రహదారిని పొడిగించాలని 1957లో నిర్ణయించేనాటికి, రెండు ఒడ్లలోనూ మరో రోడ్డుకు ఖాళీ మిగల్లేదు. కావలసిందేమో నాలుగు వరుసలు.

1960లలో లోయ పడమటి కొసన, నో నేమ్ అనే చోట, సొరంగాలు తొలిచి కొంత దూరం పని చేశారు. మిగతా లోయను కూడా మామూలు పద్ధతిలోనే తవ్వేస్తారేమోనని జనం కంగారు పడ్డారు. 1968లో కొలరాడో శాసనసభ ఒక తీర్మానం చేసింది. ఇక్కడ వేసే రోడ్డులో మనిషి నైపుణ్యం, ప్రకృతి సొగసు ఒకదానిలో ఒకటి కలిసిపోవాలని దాని సారాంశం. ఉత్తరాన ఫ్లాట్ టాప్స్ పీఠభూమి మీదుగానో, దక్షిణాన కాటన్‌వుడ్ కనుమ మీదుగానో రోడ్డును మళ్లించాలన్న వాదనలు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి లోయగుండానే అని తేలింది. పౌరుల సలహా సంఘం వేశారు. గ్రూయెన్ అసోసియేట్స్ అనే సంస్థ తరఫున ఎడ్గార్డో కోంటీని, మరోవైపు జోసెఫ్ పాసొనో, ఈ ఇద్దరూ రూపకల్పనకు పూనుకున్నారు. 1980లో పని మొదలైంది.

ఈ పనికి ప్రాణం ఎక్కడుందో చెప్పాలంటే ఒక్క నిర్ణయం దగ్గర ఆగాలి. నాలుగు వరుసలంటే ఒకే పెద్ద పలక అని వాళ్లు అనుకోలేదు. రెండు వరుసలు పోవడానికి, రెండు వరుసలు రావడానికి. ఈ రెండు జంటలూ ఒకే ఎత్తులో పక్కపక్కన నడవాలని నియమమేమీ లేదు కదా. తిరుమల ఎక్కిన తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీద దిగుతాం, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద ఎక్కుతాం. అక్కడ రెండు దారులకూ మధ్య కొండలే ఉన్నాయి. గ్లెన్‌వుడ్‌లో ఉన్నది కొద్ది మీటర్ల జాగా. అందుకని తూర్పుకు పోయే రోడ్డును నది పక్కన కింద పెట్టి, పడమటికి పోయే రోడ్డును దాని భుజం మీదుగా, కొండను ఆనుకుని, పైకెత్తారు. చాలాచోట్ల పై రోడ్డు స్తంభాల మీద నిలబడ్డ వంతెనే.

దీంతో జరిగిందేమిటి? ఒక వెడల్పాటి రోడ్డుకు కొండను లోతుగా కోసి, ఎత్తయిన నిలువు గోడ వదలాలి. రెండు సన్నటి రోడ్లయితే దేనికి దొరికిన జాగాలో అది ఒదుగుతుంది. ఒకటి పైకి లేస్తే ఇంకొకటి కిందికి దిగుతుంది, అవసరమైన చోట రెండూ దగ్గరవుతాయి, మరోచోట విడిపోతాయి. రివర్స్ కర్వ్ అనే మలుపు దగ్గరైతే పడమటి రోడ్డు ఒక్కదానికే సొరంగం తొలిచారు, తూర్పు రోడ్డు నది వెంట మలుపు తిరిగి పోతుంది. అక్కడ రెండు దారులకూ కలిపి ఒకే పరిష్కారం రుద్దలేదు. ఏ దారి కష్టం ఆ దారికే విడిగా తీర్చారు.

ఇంకో నిర్ణయం వేగం గురించి. అమెరికా ఇంటర్‌స్టేట్‌ల మీద గంటకు 65, 75 మైళ్ల వేగాలు మామూలు. ఈ లోయలో పరిమితి 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు. వేగం పెరిగేకొద్దీ మలుపు వ్యాసార్థం పెరగాలి, ముందు దూరం కనబడాలి, అందుకు అడ్డొచ్చిన రాతి ముక్కును నరికేయాలి. వేగాన్ని దించుకుంటే రోడ్డు నది వంపుల్ని అనుసరించగలదు. ఇరవై కిలోమీటర్ల మీద ప్రయాణికుడు పోగొట్టుకునేది నాలుగైదు నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలతో ఎన్ని రాతి ముక్కులు నిలిచాయో ఆలోచిస్తే, ఇంజనీరు చేతిలో గడియారం కూడా ఒక పనిముట్టేనని అర్థమవుతుంది.

ఇక చేతిపని. లోయలో వంతెనలు, వయాడక్టులు కలిపి 40. రిటైనింగ్ గోడలు మైళ్ల కొద్దీ. నాలుగు లక్షల ఘనగజాల కాంక్రీటు పట్టింది. అంత కాంక్రీటు పోసి, అది కంటికి బరువుగా ఆనకుండా చేయడం ఎలా? కింది రోడ్డు అంచు చూడండి. కాంక్రీటు పలక గోడ మీద ఆగిపోదు, గోడను దాటి నదివైపు ముందుకు చాచి ఉంటుంది. లోపల ఉక్కు తీగలను లాగి బిగించిన పలక కాబట్టి కింద ఊతం లేకుండా అలా చాచి నిలబడగలదు. చాచిన అంచు తన నీడను గోడ మీద పడేస్తుంది. దూరంనుంచి చూసే కంటికి అంచు తాలూకు సన్నటి తెల్లగీత మాత్రం తెలుస్తుంది, గోడ నీడలోకి వెనక్కి జారిపోతుంది. రంగూ నగిషీ లేకుండా నీడతో చేసిన పని ఇది. పైగా ఆ అంచు ముందుకు వచ్చినంత మేర గోడను నదిలోకి జరపనక్కర్లేకపోయింది.

పై రోడ్డు వంతెనల్లో కొన్నిటిని కట్టిన తీరు మరీ ముచ్చటైనది. మామూలుగా వంతెన వేయాలంటే కింద నేలంతా చదును చేసి, సెంట్రింగు నిలబెట్టి, క్రేన్లు తిప్పుకోవడానికి దారి వేయాలి. వంతెన పూర్తయ్యేసరికి దానికింద కాపాడదలచుకున్న చెట్టూ చేమా మిగలవు. ఇక్కడ వంతెనను బోలు దిమ్మలుగా వేరేచోట పోతపోసి తెచ్చారు. స్తంభం తలమీద మొదటి దిమ్మ పెట్టి, అక్కణ్నుంచి అటొకటి, ఇటొకటి చొప్పున జతచేస్తూ పోయారు. కావడి మోసేవాడికి రెండు బుట్టల్లోనూ సమానంగా బరువు ఉండాలి చూడండి, స్తంభానికీ అంతే. ఒక్కో దిమ్మకు అతుకు మందు పూసి, ముందు దిమ్మకు ఆనించి, తీగలు లాగి బిగిస్తారు. రెండు పక్కల స్తంభాల నుంచి చాచుకొచ్చిన చేతులు నడుమ కలుస్తాయి. దిమ్మల్ని పైనుంచి దించడానికి స్తంభం నుంచి స్తంభానికి జరిగే గాంట్రీని వాడారు. పని ఆకాశంలో జరిగింది, నేలకు స్తంభం పాదం మేరకే గాయం.

నేల విషయంలో వాళ్ల పట్టుదల కాంట్రాక్టు కాగితాల్లోకి కూడా ఎక్కింది. కాపాడవలసిన చెట్లకు, పొదలకు వెల కట్టారు. పాడుచేస్తే కాంట్రాక్టరు ఆ మేరకు జరిమానా చెల్లించాలి. ఈ ఒక్క షరతే నాకు మొత్తం పనిలో అన్నిటికన్నా తెలివైనదిగా కనిపిస్తుంది. చెట్లను కాపాడండి అని ప్రతి టెండరులోనూ ఒక వాక్యం ఉంటుంది. చెట్టు పక్కన ధర రాసిపెట్టినప్పుడే పొక్లెయిన్ నడిపేవాడు మెడ తిప్పి వెనక్కి చూసుకుంటాడు. తప్పనిసరై పేల్చిన చోట కూడా రాతిని గోడలా నున్నగా వదిలిపెట్టలేదు. సహజంగా విరిగిన రాయిలా ఎగుడుదిగుడుగా చెక్కి, కొత్తరాయి తెల్లగా మెరవకుండా పక్కనున్న పాతరాయి రంగుకు వచ్చేలా రంగు పట్టించారు. లోయలో పెరిగే జాతుల మొక్కలే తిరిగి నాటారు.

ఇదంతా ట్రాఫిక్ నడుస్తుండగా జరిగింది. దగ్గరలో మరో మంచి దారి లేదు. వాహనాలను విడతలవారీగా ఆపుతూ, వదులుతూ పన్నెండేళ్లు నెట్టుకొచ్చారు. ఖర్చు 49 కోట్ల డాలర్లు. అంత డబ్బు ఇరవై కిలోమీటర్లకా అని అప్పుడూ అడిగారు, అడగవలసిన ప్రశ్నే. పక్కన తవ్వేసిన కొండను నిలబెట్టడానికి ఏటేటా పెట్టే ఖర్చును కూడా ఎదుటి పళ్లెంలో వేసి తూచమంటాను నేను.

లోయ నడుమ హ్యాంగింగ్ లేక్ అని కొండమీద చిన్న కొలను ఉంది. సున్నపు పొరలు పేరుకుని ఏర్పడ్డ అంచులో పచ్చటి నీళ్లు నిలుస్తాయి. దాన్ని చూడటానికి కాలిబాటన ఎక్కేవాళ్ల కళ్ల ముందు నాలుగు వరుసల రోడ్డు ఉండకూడదనుకున్నారు. అందుకని అక్కడ రోడ్డును తీసుకెళ్లి దాదాపు 1,200 మీటర్ల సొరంగంలో దాచారు. ఖాళీ అయిన ఒడ్డును నడిచేవాళ్లకు, సైకిళ్లవాళ్లకు వదిలారు. లోయ పొడవునా సైకిల్ బాట ఉంది, పడవలు నదిలో దించుకునే చోట్లున్నాయి, ఆగి కూర్చోవడానికి విశ్రాంతి స్థలాలున్నాయి. హ్యాంగింగ్ లేక్ దగ్గర అన్ని వైపులకూ ర్యాంపులు కట్టలేదు. తూర్పుకు పోయేవాళ్లే అక్కడ దిగగలరు. తూర్పునుంచి వచ్చేవాళ్లు ముందుకెళ్లి, గ్రిజ్లీ క్రీక్ దగ్గర మళ్లి, ఆరేడు కిలోమీటర్లు వెనక్కి రావాలి. ఇంకో ర్యాంపు అంటే ఇంకో పెద్ద కాంక్రీటు వంపు. దాన్ని వద్దనుకోవడంలో ఉన్న నిగ్రహం కట్టిన వంతెనలన్నిటిలోనూ ఉంది.

ఈ నిర్మాణాన్ని పూర్తిగా చూడాలంటే మాత్రం కారులో వెళ్లకూడదు. రైలెక్కాలి. అవతలి ఒడ్డునుంచి, డెన్వర్ మీదుగా పోయే కాలిఫోర్నియా జెఫిర్ కిటికీలోంచి, కింది గీత, పై గీత, నీడ, స్తంభాల పాదాల దగ్గర పొదలు అన్నీ ఒక్క చూపులో అందుతాయి. కారులో ఉన్నవాళ్లకు నదీ కొండా కనిపిస్తాయి, రోడ్డు కనిపించదు. కట్టినవాళ్లు కోరుకున్నదీ అదే.

కొండ మాత్రం కొండే. 2020 ఆగస్టులో గ్రిజ్లీ క్రీక్ దగ్గర పుట్టిన కార్చిచ్చు ముప్పైరెండు వేల ఎకరాలకు పైగా కాల్చేసింది. రోడ్డు రెండు వారాలు మూతపడింది. వేళ్లు కాలిపోయిన వాలుల మీద మరుసటి ఏడాది జులైలో కుండపోత కురిసింది. బురదా బండలూ కలిసి దిగి, రోడ్డు మీద పేరుకున్నాయి, కింది రోడ్డును కొన్నిచోట్ల విరిచేశాయి. మళ్లీ రెండు వారాలకు పైగా మూత, 2021 ఆగస్టు 14న తెరిచారు. ఎంత ఒద్దికగా కట్టినా పైనున్న అడవి కాలిపోతే కిందున్న వంతెన ఏమీ చేయలేదు. ఆ వేసవి నుంచి లోయకు ఆకస్మిక వరద హెచ్చరిక వస్తే, బురద కదలక ముందే రోడ్డును మూసేయడం మొదలుపెట్టారు. హ్యాంగింగ్ లేక్ సొరంగం దగ్గరి కంట్రోల్ రూంలో రాత్రీపగలూ మనుషులు తెరలు చూస్తూ కూర్చుంటారు. వాళ్లు చెప్పగానే లోయ రెండు కొసలా వాహనాలు ఆగిపోతాయి, మబ్బు దాటిపోయేదాకా.