నూటయాభై రూపాయల నిక్కచ్చి

భీమవరం, ఆకివీడు, కాళ్ల వైపు రొయ్యల చెరువు గట్ల మీద పనిచేసేవాళ్ల ముంజేతులు ఒకసారి చూడండి. జేబులో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ల చేతికి కూడా నల్ల ప్లాస్టిక్ బెల్టుతో నంబర్ల వాచీ కనిపిస్తుంది. అదేమీ సోకు కాదు. చెరువు పని అంతా గంటల లెక్కే.

వనామీ రొయ్యలకు సాధారణంగా రోజుకు నాలుగు పూటలు మేత వేస్తారు. ప్రతి పూటా కొంచెం మేతను చెక్ ట్రేలో పెట్టి నీళ్లలోకి దించి, రెండు గంటలకు అటూఇటూగా పైకి తీసి చూస్తారు. మిగిలితే తర్వాతి పూట మేత తగ్గించాలి. మాటల్లో పడి మరో గంట ఆలస్యంగా తీస్తే ట్రే ఖాళీగా ఉంటుంది. మేత చాల్లేదనుకుని ఇంకాస్త వేస్తారు. తినగా మిగిలినది అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తుంది. సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే కాబట్టి ఆ గంట ఆలస్యానికి రెండు విధాల నష్టం.

రాత్రిపూట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పగలంతా నీటిలోని నాచు ఆక్సిజన్ విడుస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచుతో సహా చెరువులోని ప్రాణులన్నీ దాన్నే వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ ఏరేటర్లు తిరుగుతున్నాయా, కరెంటు ఉందా అని లేచి చూడకపోతే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. కాపలా పాకలో నిద్రపోయేవాడిని లేపేది ముంజేతి మీది ఆ సన్నటి కూతే. ఫోనులోనూ అలారం ఉంది, నిజమే. కానీ ఛార్జింగు అయిపోతుంది, ఉప్పునీళ్లలో పడితే వేల రూపాయల నష్టం. వాచీ పడిపోతే నూటయాభై పోయిందనుకుని సంతలో ఇంకోటి కొనుక్కుంటాడు. దాని చౌకదనం లోపం కాదు, గుణం. పోతుందన్న బెంగ లేని పనిముట్టునే మనిషి బురదలోకి, ఉప్పులోకి ధైర్యంగా తీసుకెళ్తాడు.

ఈ వస్తువు ఇంత చౌక కావడం వెనక పెద్ద కథే ఉంది. 1969 డిసెంబరు 25న జపానులో సీకో కంపెనీ తొలి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధర నాలుగున్నర లక్షల యెన్లు. 1972లో అమెరికాలో వచ్చిన పల్సర్, ముళ్లు లేకుండా అంకెలు చూపిన తొలి ఎలక్ట్రానిక్ చేతివాచీ, 2,100 డాలర్లు పలికింది. దాని ఎర్రటి అంకెలు బటన్ నొక్కితేనే వెలిగేవి, ఎండలో సరిగా ఆనేవి కావు. నాలుగేళ్లు తిరక్కుండా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇరవై డాలర్లకే వాచీ తెచ్చింది. 1989లో కాసియో ఎఫ్-91డబ్ల్యు వచ్చింది. బరువు 21 గ్రాములు, సెల్లు వేస్తే సుమారు ఏడేళ్లు, నెలకు 30 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ మాట. కీ ఇచ్చే వాచీలో రోజుకు అరనిమిషం తేడా మామూలు విషయమని గుర్తుంచుకుంటే ఆ మాట బరువు తెలుస్తుంది. కోనసీమ, పాలకొల్లు, నరసాపురం ఇళ్లకు ఇలాంటి వాచీలు సెంటుసీసాలతో పాటు కువైట్, మస్కట్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లోనూ వచ్చాయి.

లోపల జరిగే పని చూస్తే ముచ్చటేస్తుంది. శృతిదండం ఆకారంలో కోసిన క్వార్ట్జ్ పలుకు ఒక చిన్న లోహపు డబ్బీలో ఉంటుంది. విద్యుత్తు తగిలితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను ఎందుకు ఎంచుకున్నారంటే, పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. మన పెద్దలు రూపాయిని అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అంటూ సగం సగం చేసుకుంటూ పోయినట్టే వాచీలోని చిప్పు కూడా చేస్తుంది. రూపాయి నాలుగు మెట్లలో అణాకు దిగితే, ఈ కంపనం పదిహేను మెట్లలో సెకనుకు దిగుతుంది. సంతలో అమ్మే పేరులేని వాచీలో ఆ చిప్పు నల్లటి జిగురు బొట్టు కింద దాగి ఉంటుంది. కొలిచే పద్ధతి మాత్రం ఖరీదైన క్వార్ట్జ్ వాచీలోనూ ఇదే.

అంకెలు చూపే అద్దం తనంతట తాను వెలగదు. ఒక్కో అంకెకు ఏడు గీతలు. ఏ గీతకు విద్యుత్తు అందితే అక్కడ వెలుతురు ఆగి నల్లగా కనిపిస్తుంది. అందుకే సెల్లు నుంచి ఆంపియర్‌లో పదిలక్షల వంతులు ఒకటో రెండో తీసుకుని ఏళ్లతరబడి నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం గట్టు మీద ఫోను తెర ఆనదు, ఈ వాచీ మాత్రం ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఎండలో దానికి ఒక బలహీనత ఉంది. ఆ క్వార్ట్జ్ 25 డిగ్రీల దగ్గర కుదురుగా ఉంటుంది. 45 డిగ్రీల వేడిలో వదిలేస్తే రోజుకు సుమారు ఒక సెకను వెనకబడుతుంది. బండి హ్యాండిల్‌కు తగిలించిన వాచీ కంటే చేతికున్నదే నమ్మకమైనది.

ఈ నిక్కచ్చితనం విలువ అన్నింటికన్నా బాగా తెలిసేది పసిబిడ్డ దగ్గర. పుట్టిన బిడ్డను ఇంటికి వచ్చి చూసే ఆశా కార్యకర్త సంచిలో తూకం, థర్మామీటరుతో పాటు డిజిటల్ చేతివాచీ కూడా ఒక పరికరంగా ఉంటుంది. ఆసుపత్రిలో కాన్పయితే మూడో రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు ఆమె రావాలి. బిడ్డ పొట్ట ఎగిసి పడడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా ఆ పైన ఉంటే ప్రమాదం. ఏడాది లోపువాళ్లకు ఆ హద్దు 50, ఐదేళ్ల లోపువాళ్లకు 40. పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణిస్తే కుదరదు, ఎందుకంటే పసివాళ్ల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. సెకన్ల అంకె సున్నాలకు రాగానే మొదలుపెట్టి, మళ్లీ సున్నాలు వచ్చేదాకా లెక్కించాలి. ఖరీదైన వాచీ ఇంతకన్నా ఎక్కువేమీ చెప్పదు.

రాజమండ్రి, తణుకు, అమలాపురం బజార్లలో అద్దాల పెట్టె వెనక, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునే వాచీ మెకానిక్కులు కీ వాచీల కాలం నుంచి ఈ నంబర్ల వాచీల దాకా వచ్చారు. ఈ పనికీ నేర్పు కావాలి. సెల్లు మార్చాక కొన్ని వాచీలు పిచ్చి అంకెలు చూపిస్తాయి. అప్పుడు ఏసీ అని రాసి ఉన్న చోటును, సెల్లు పై ముఖాన్ని చిమటాతో ఒక్క క్షణం కలపాలి. అలారం మూగబోతే వెనక మూతకు తగిలే సన్నటి స్ప్రింగు పడిపోయిందేమో వెతకాలి. కూత పుట్టేది ఆ మూతకు అతికించిన పలుచటి బిళ్లలో. అంకెలో ఒక గీత మాయమైతే అద్దానికీ చిప్పు పలకకూ మధ్య ఉండే రబ్బరు పట్టీని తుడిచి మళ్లీ పెట్టాలి. ఎనిమిది సున్నా అయిందని వాచీని పారేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

డెల్టా గాలికీ చెమటకూ నేను చెప్పగలిగిన మందు ఒకటే. మూత తీసిన ప్రతిసారీ అంచున ఉండే రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాయించండి. పేరులేని వాచీ మీద వాటర్ రెసిస్ట్ అని అచ్చు ఉన్నా ఈతకు దిగకండి, ఆ మాట చినుకులకే. సెల్లు అయిపోయిన వాచీని సొరుగులో పడేయకండి, కారిన సెల్లు పలకను తినేస్తుంది. తీసిన సెల్లు పిల్లలకు అందనివ్వకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మీ ఇంట్లో ఆగిపోయిన నంబర్ల వాచీ ఉంటే ఈ వారమే మీ ఊరి మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్లండి.