సిరలోని మందా? కండరములోని మందా?

మూర్ఛ సాధారణముగా రెండు మూడు నిమిషములలో దానంతట అదే ఆగును. కాలుసేతులు కొట్టుకొనుచు ఐదు నిమిషములు దాటినచో చికిత్స లేక ఆగుట అరుదు. ముప్పది నిమిషములకు మెదడు కణములకే హాని కలుగవచ్చును. అట్టివేళ పెద్దవారికి లోరాజిపామ్ మందును సిరలోనికి ఎక్కించుట మేలని వైద్యగ్రంథములు చెప్పును. సిరలో పడిన మందు నేరుగా రక్తముతో మెదడును చేరును గదా!

కాని కొట్టుకొనుచున్న చేతిలో సిర దొరకుట ఎట్లు? ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టినది 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన 'ర్యాంపార్ట్' పరిశోధన. అమెరికాలో అంబులెన్సు సిబ్బంది 893 మందికి చికిత్స చేసిరి. సగము మందికి సిరలో లోరాజిపామ్, తక్కినవారికి తొడ కండరములో మిడజోలామ్. ఎవరికేది అందినదో సిబ్బందికి తెలియకుండ, రెండు చోట్లను సూది వేసిరి, అందొకటి ఉత్తది. సిరలో మందు పడిన 1.6 నిమిషములకు మూర్ఛ ఆగెను. కండరములో పడినపుడు 3.3 పట్టెను. అయితే పెట్టె తెరచినది మొదలు మందు వేయుటకు కండరమునకు 1.2 నిమిషములు, సిరకు 4.8! వేరు మందు లేకయే, ఆసుపత్రి చేరునాటికి మూర్ఛ ఆగినవారు కండర వర్గమున నూటికి 73.4, సిర వర్గమున 63.4.

ప్రశ్న చక్కనిది, పరీక్ష నిజాయితీగలది. లోపము ఒకటి కలదు. మార్గములతోపాటు మందులును వేరగుటచే, గెలిచినది మార్గమా మందా అని విడదీసి చెప్పలేము. పైగా వారు వాడినది తొడకు ఆనించి నొక్కగనే తనంతట దిగు ప్రత్యేకపు సూది. ఆంప్యూలు విరిచి సిరంజిలోనికి లాగవలసిన చోట ఆ 1.2 నిమిషములు పెరుగక మానవు.

అయినను మా కడప జిల్లా లింగాల వంటి చోట ఈ ఫలితమునకు విలువ ఎక్కువ. లోరాజిపామ్ సూదిమందు చల్లని పెట్టెలో ఉండవలెను. మిడజోలామ్‌కు అది అక్కరలేదు. మా వేసవి ఎరిగినవారికి ఈ భేదము చిన్నదిగా తోచదు. 108 బండి వచ్చి, రోగి పులివెందుల చేరునంతలో మెదడులో జరుగునది గమనింపుడు: ఈ మందులు పట్టుకొను 'గాబా' గ్రాహకములు మూర్ఛ సాగినకొలది కణపు పైపొర నుండి లోనికి లాగబడును. ఆలస్యముగ వచ్చిన మందుకు పట్టు దొరకదు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 2007లో ఎపిలెప్సియా పత్రికలో ప్రకటించిన వ్యాసమునందును రోగులు ఆలస్యముగా చేరుట ముఖ్యవిషయమే.

ఆ మొదటి మందు విఫలమైనచో రెండవ మెట్టునకు సిర తప్పదు. అక్కడ లెవెటిరాసెటామ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్ప్రోయేటులను 2019లో పోల్చి చూడగా, మూడును ఇంచుమించు సగముమందికే పనిచేసినవి.