నొప్పిని కాగితం మీద పెట్టడం

న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగువాళ్లకు సోషల్ సెక్యూరిటీ కాగితాలు నింపడంలో సాయపడుతుంటాను. వాటన్నిటిలో నన్ను ఎక్కువ కలచివేసేది, భర్త పోయి, తన ఆరోగ్యమూ దెబ్బతిన్న ఆడమనిషి దరఖాస్తు.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ కింద భర్త పేరు మీది పెన్షన్ మామూలుగా 60 ఏళ్లకు గానీ మొదలవదు. జబ్బుతో ఏ ఉద్యోగమూ చేయలేని స్థితి ఏడాదైనా ఉండేట్టయితే 50కే అడగవచ్చు. ఆయనకు రావలసిన పూర్తి పెన్షన్‌లో 71.5 శాతం వస్తుంది. ఆయన తగినన్నేళ్లు సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉంటే, ఈమె ఎన్నడూ ఉద్యోగం చేయకపోయినా హక్కు ఉంటుంది. భార్యను పోగొట్టుకున్న మగవాళ్లకూ అంతే. అయితే ఆ వైకల్యం సాధారణంగా మరణానికి ముందో, తర్వాత ఏడేళ్లలోపో మొదలై ఉండాలి. ఈ గడువు సంగతి చాలామందికి తెలియదు.

అసలు కష్టం రోజువారీ పనుల ఫారం దగ్గర వస్తుంది. "వంట మీరే చేసుకుంటారా అక్కా?" అంటే "చేసుకుంటానమ్మా" అంటారు. అక్కడితో ఆగి "అవును" అని రాస్తే దరఖాస్తు దెబ్బతింటుంది. ఎంతసేపు నిలబడగలరు, కుక్కర్ ఎవరు దించుతారు అని నెమ్మదిగా అడగాలి. అప్పుడు చెబుతారు: కూరలు మంచం మీద కూర్చుని తరుగుతారట, కుక్కర్ కొడుకు దించుతాడట, కూతురు వచ్చిన రోజే తలస్నానమట. రాయాల్సింది అదీ. ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతికిన మనిషికి ఇవన్నీ చెప్పడం ఎంత కష్టమో! డాక్టరు దగ్గర కూడా "బాగానే ఉన్నాను" అనేస్తారు, రికార్డులో అదే పడుతుంది. దయచేసి అక్కడ నిజం చెప్పండి.

లాయరంటే భయపడేవాళ్లకు ఒక మాట. ఈ కేసుల్లో సాధారణంగా ముందు ఫీజు ఉండదు. గెలిస్తేనే, రావలసిన పెన్షన్ బకాయిల్లో 25 శాతం లేదా గరిష్ఠ పరిమితి (2025లో 9,200 డాలర్లు), ఏది తక్కువైతే అది. సోషల్ సెక్యూరిటీ ఆమోదించాకే తీసుకోవాలి. రికార్డుల కాపీల ఖర్చు మాత్రం విడిగా అడగవచ్చు, ముందే తేల్చుకోండి. జడ్జి ముందు విచారణ దాకా వెళితే, ఏ రిపోర్టు ఎందుకు ముఖ్యమో చెప్పగల మనిషి పక్కన ఉండాలని నా గట్టి నమ్మకం. దుబాసీని సోషల్ సెక్యూరిటీవాళ్లే ఉచితంగా ఇస్తారు.

తిరస్కరణ ఉత్తరం వస్తే బీరువాలో దాచేయకండి. అప్పీలుకు 60 రోజులే గడువు. ఆ ఉత్తరం పట్టుకుని ఆ వారమే ఒక లాయర్‌ని కలవండి.